నల్లరేగడికి నెర్రెలు ఎలా వచ్చాయి

ఒకప్పుడు నల్లరేగడి నేలకు ఒక్క నెర్రె కూడా ఉండేది కాదు. నూనె రాసిన సానరాయిలా నున్నగా, బిగుతుగా నిగనిగలాడేది. చీమ నడిచినా కాలు జారేది. ఆ నునుపు చూసుకుని నేలకు భలే మురిపెం.

వాన రాకపోయేది కాదు. వచ్చేది. వచ్చి ఆ నునుపు మీద జర్రున జారి వంకలో పడేది. వంకలోంచి ఏటికి, ఏటిలోంచి సముద్రానికి. సముద్రానికి ఇంకా నీళ్లెందుకని అడుగుతారేమో, అది వేరే గొడవ, ఇప్పుడు మనకొద్దు. మబ్బు వెళ్లిపోయిన కొన్నాళ్లకే పైరు తల వాల్చేసేది.

ఆ నేల మీద సుంకమ్మ అనే ఆమె కాపురం ఉండేది. ఏటేటా పంట ఎండిపోయి, చివరకు ఆమె ఇంట్లో ఒక్క రొట్టెకు సరిపడా జొన్నపిండి, ఒక గంప విత్తన జొన్నలు మిగిలాయి. ఎండాకాలంలో ఒక పొద్దున ఊరంతా బండ్లు కట్టింది, ఎటైనా పోయి బతుకుదామని. సుంకమ్మ పెనిమిటి ఈరన్న కూడా ఎద్దుల మెడ మీద కాడి వేశాడు.

"ఆగండి" అంది అత్త గిడ్డమ్మ. "ఇన్నాళ్లూ మన బరువు మోసిన నేల. దాన్ని పస్తు పెట్టి పోతే మనకు మంచిదా? పొలంలో ఒక రొట్టె కాల్చి పెట్టిపోదాం."

నేలను విడిచి పోయేవాళ్లు దానికి రొట్టె పెట్టి పోవడం అక్కడి ఆనవాయితీ. సుంకమ్మ పొలంలో మూడు రాళ్లు పెట్టి మంట వేసింది.

గోధుమపిండి మెతక మనిషి లాంటిది, ఎటు లాగితే అటు సాగుతుంది. జొన్నపిండి అలా కాదు, దానికి జిగురు తక్కువ. సలసల కాగే నీళ్లు పోసి, వేళ్లు చురుక్కుమంటున్నా అరచేత్తో రుద్ది రుద్ది పిసికితేనే మాట వింటుంది.

"ఏమ్మే, రొట్టె కాలుస్తున్నావా, పెళ్లివంట చేస్తున్నావా? బండ్లన్నీ కదిలిపోతున్నాయి!" అని ఈరన్న కేకేశాడు.

"వస్తున్నా, వస్తున్నా!" అంటూ సుంకమ్మ తొందరలో, కాగీకాగని నీళ్లు పిండిలో పోసేసింది. బండ మీద పెట్టి, తిప్పుతూ తట్టింది. అంచుల చుట్టూ రొట్టె పటపటా పగిలింది.

"నీళ్లు కాగనిచ్చావా అసలు?" అని గిడ్డమ్మ బుగ్గ నొక్కుకుంది. "అది రొట్టెనా, నా మడమనా? నేలకు పెట్టేది అదేనా?"

"ఊరుకో అత్తా. పగిలిందని పారేస్తామా?"

సుంకమ్మ వేళ్లు నీళ్లలో ముంచి పగుళ్ల మీద తడి అద్దింది. బొటనవేలితో అంచులను దగ్గరికి ఒత్తింది. ఒక్కొక్క పగులే మూసుకోసాగింది.

అప్పుడు వినిపించింది ఆ గొంతు. చెవులకంటే ముందు అరికాళ్లకు తెలిసింది. ఎద్దులు మోర ఎత్తి నిలబడిపోయాయి.

"అమ్మాయీ, పగిలితే పాడైనట్టు కాదా?"

మాట్లాడింది నేల. గిడ్డమ్మ గబుక్కున కొంగు నెత్తిన కప్పుకుంది. సుంకమ్మ రొట్టె మీద ఇంకాసిని నీళ్లు చిలకరించింది. చూపిస్తూ చెప్పింది.

"కాదు తల్లీ. నున్నటి చోట నీళ్లు పోస్తే జారిపోతున్నాయి, చూడు. పగిలిన చోటే లోపలికి దిగుతున్నాయి. దప్పికైంది, నోరు తెరిచింది, అంతే. తాగాక తానే మూసుకుంటుంది."

గాలి ఆగిపోయింది. నేల చిన్నగా అంది: "నాకు భయం. తెరిచిన నోరు మళ్లీ మూసుకోకపోతే? ముక్కలైపోతే?"

అంత పెద్ద నేల! కొండలను మోసే నేల! దానికి భయం. జ్వరం వచ్చిన బిడ్డ నుదురు తాకినట్టు సుంకమ్మ దాని మీద చెయ్యి పెట్టింది.

"నేనెక్కడికీ పోను. వాన వచ్చేదాకా నీ పక్కనే ఉంటా."

"గాలి గానీ సోకిందా నీకు?" అన్నాడు ఈరన్న. "ఏం తింటాం?"

"చింతచిగురు ఉంది. గడ్డలున్నాయి."

"విత్తనాలు కూడా ఉన్నాయి కదా" అని ఈరన్న గంప వైపు చూశాడు.

గిడ్డమ్మ ఆ గంప మీద తట్ట బోర్లించి, దాని మీద ఎక్కి కూర్చుంది. "నన్ను లేపి తీసుకో చూద్దాం" అంది.

ఈరన్న గొణుక్కుంటూ కాడి దించాడు. ఊరి బండ్లు వెళ్లిపోయాయి.

నేల సూర్యుణ్ణి పిలిచి, "నా మీద నీ మంట పెంచు" అంది. సూర్యుడికి అంతకంటే ఏం కావాలి? నేల మీద మొదట వెంట్రుకంత గీత పడింది. తర్వాత వేలంత. ఆ తర్వాత ఒక కుందేలు అందులో పడి, పైకొచ్చి తిట్టుకుంటూ పోయింది. పొలమంతా నల్లటి నోళ్లు. ఒక్కో నెర్రె విచ్చుకున్నప్పుడల్లా నేల మూలిగేది. సుంకమ్మ చెయ్యి తియ్యలేదు.

ఒక మధ్యాహ్నం వాన ఉరుముకుంటూ వచ్చింది. ఎప్పటిలాగే జారబోయింది. జారలేదు. గుటుక్ గుటుక్ మంటూ లోపలికి దిగిపోయింది.

"ఇదేంది! ఎక్కడికి పోతున్నా నేను?" అని వాన అరిచింది. అక్కడ వంక నోరు తెరుచుకుని చూస్తోంది, దానికి చుక్క రాలేదు.

వానాకాలం గడిచేసరికి ఒక్క నెర్రె లేదు. నేల మెత్తగా ఉబ్బి, కమ్మటి వాసన వేసింది.

మబ్బులు పోయి, ఆకాశం తుడిచినట్టయ్యాక, చలి మొదలయ్యాక సుంకమ్మ విత్తనాల గంప అడిగింది.

"మబ్బు తునక లేదు, ఇప్పుడు విత్తుతావా?" అన్నాడు ఈరన్న.

సుంకమ్మ నేలకు చెవి ఆనించి, వాళ్లనూ రమ్మని సైగ చేసింది. ముగ్గురూ పడుకుని విన్నారు. లోపల, చీకట్లో, ఆ ఏటి వానంతా పక్కగదిలో మనుషుల్లా మెల్లగా మాట్లాడుకుంటోంది. గిడ్డమ్మ కళ్లు తుడుచుకుంది. ఈరన్న లేచి, ఎద్దులకు విత్తనాలు వేసే గొర్రు కట్టాడు.

ఆ తర్వాత ఒక్క చుక్క పడలేదు. అయినా జొన్న మోకాలెత్తు లేచింది, ఎద్దుల కొమ్ములు దాటింది, ముత్యాల్లాంటి కంకులు వేసింది.

అప్పటినుంచే నల్లరేగడి ప్రతి ఎండాకాలం నెర్రెలు విచ్చి తొలి వానలను మింగుతుంది. అప్పటినుంచే మబ్బులేని చలికాలంలో, పైన మంచు, కింద దాచుకున్న వాన, ఆ రెంటితోనే జొన్న చేను పండుతుంది.