ఉతికిన గొంగడి

ఎల్లదాసుగారికి ఒక అలవాటుండేది. ఏ శిష్యుడు ఏమడిగినా ఆ పూట జవాబు చెప్పేవారు కారు. "చూద్దాం" అని గొంగడి భుజాన వేసుకుని ఎటో వెళ్లిపోయేవారు. ఆ గొంగడి వయసెంతో ఆయనకే తెలియదు. అది కుంకుడుకాయ మొహం మాత్రం ఎన్నడూ చూడలేదు. ఆయన గుట్ట మలుపు తిరగకముందే దాని వాసన మఠానికి చేరి, గురువుగారు వస్తున్నారని చెప్పేసేది. ఉతికిపెడతామని మేం ఎన్నిసార్లు బతిమాలినా ఇచ్చేవారు కారు. "గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరకండర్రా" అని నవ్వేసేవారు.

మా అందరిలోకీ శుభ్రం పిచ్చి దామోదరానికి ఎక్కువ. బడిపంతులు ఉద్యోగం వదులుకుని వచ్చినవాడు. విస్తరి ఎత్తిన చోట మూడుసార్లు అలికేవాడు. నాలుగోసారి అలకడానికి మమ్మల్ని లేవమనేవాడు. అతనంటే నాకు గౌరవమూ ఉండేది, కాస్త ఒళ్లుమంటా ఉండేది.

కార్తీకం చివర్లో ఒక పొద్దున దామోదరం గురువుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యా, ఇల్లు వదిలాను, ఊరు వదిలాను. మనసులో ఉన్నవన్నీ ఒక్కొక్కటే కడిగేసుకున్నాను. ఒక్క మరక మాత్రం పోవడం లేదు. జపానికి కూర్చుంటే మా చెల్లెలి ముఖం అడ్డొస్తుంది. దాన్ని ఎలా కడుక్కోవాలి?"

తల్లి లేని ఆ పిల్లను చంకనేసుకుని పెంచింది ఇతనే. ఎనిమిది రోజుల కింద ఆమె దగ్గర్నుంచి ఉత్తరం వస్తే, విప్పకుండా వంటపాక చూరులో దోపేశాడు. ఆ సంగతి మాకూ తెలుసు, గురువుగారికీ తెలుసు. ఆయన "చూద్దాం" అని, పొరుగూళ్లో ఎవరికో బాగాలేదంటే చూడ్డానికి బయలుదేరారు. ఎల్లుండి వస్తానన్నారు.

ఆ రోజుల్లో గుట్ట కింది చేలో ఎరువు కోసం రైతు గొర్రెల మందను ఆపించుకున్నాడు. మంద కురుమ బీరమ్మది. ఆమె పెనిమిటి సగం మందతో వాగు అవతల ఉన్నాడు. ఈనబోయే గొర్రెలన్నీ ఇవతల ఈమె చేతికింద ఉన్నాయి. గురువుగారు వెళ్లిన మర్నాడు, పగలు ఎండ కాస్తోందని ఆమె తన మూటనూ, నల్లగొంగడినీ మఠం అరుగు మీద పెట్టి వెళ్లింది. "జర చూస్తుండున్రి సామీ" అని దామోదరానికే అప్పజెప్పింది.

దామోదరం జర ఎక్కువే చూశాడు.

"గురువుగారిది ఎలాగూ దొరకదు. పాపం ఈ తల్లి గొంగడన్నా బాగుచేద్దాం" అన్నాడు. అది సేవ అనుకున్నాడు. నేనూ అనుకున్నాను. కుంకుడుకాయలు కొట్టిచ్చింది నేనే. నీళ్లు కాచి, నానబెట్టి, బండ మీద వేసి తొక్కాడు. మొదటి నీళ్లు నల్లగా పోయాయి. రెండో నీళ్ల మీద జిడ్డు తెట్టెగా తేలింది. మూడో నీళ్లు జిగురుగా, గంజిలా దిగాయి. "చూశావా, ఎంత పట్టేసి ఉందో!" అని గెలిచినవాడిలా చూపించాడు. నాలుగో నీళ్లు తేటగా వచ్చేదాకా వదల్లేదు. ఎండలో ఆరేసి, సాంబ్రాణి పొగ వేశాడు. అట్టలా బిర్రుగా ఉండే గొంగడి పంచెలా మెత్తబడింది. దాన్ని మడతపెట్టి అరుగు మీద ఉంచి, ఇద్దరం కాసేపు ముచ్చటగా చూసుకున్నాం.

మర్నాడు పొద్దుటికే ముసురు పట్టింది. మధ్యాహ్నానికి తూర్పుగాలి తోడై, ఎముకలు కొరికే చలి వచ్చింది. కింద చేలోంచి బీరమ్మ కేక వినిపించింది.

"సామీ! నా గొంగడి! ఉరుకున్రి!"

ఉరికాం. కంప దడి వారన ఒక గొర్రె అప్పుడే ఈనింది. తడితడిగా ఉన్న పిల్లను తల్లి నాకుతోంది. ఆ పక్కనే ఇంకో గొర్రె నొప్పులు పడుతూ నేల మీద తన్నుకుంటోంది. దాని కడుపులో పిల్ల అడ్డం తిరిగింది. బీరమ్మ మా చేతిలోంచి గొంగడి లాక్కుని, దాని వంక కూడా చూడకుండా, మూడు కర్రల మీద గుడిసెలా కప్పి పుట్టిన పిల్లను కిందికి నెట్టింది.

"తడవకుంటె చాలు, అదే లేసి తల్లి కాడికి పోయి పాలు తాగుతది. మీరు కావలుండున్రి" అని రెండో గొర్రె దగ్గరికి పరుగెత్తింది.

దామోదరం తాటాకు గొడుగు కింద, మూడడుగుల దూరంలో, నామం చెప్పుకుంటూ కావలి కూర్చున్నాడు. నేను అతని పక్కనే ఉన్నాను. లోపల పిల్ల సన్నగా అరుస్తోంది. తల్లి బయటినుంచి బదులిస్తోంది. కాసేపటికి లోపలి అరుపు ఆగింది.

"నిద్రపోయింది" అన్నాడు దామోదరం, నా చెవిలో, నవ్వుతూ. నేనూ నవ్వాను. ఆ నవ్వుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

బీరమ్మ మోచేతుల దాకా నెత్తుటితో, రెండో పిల్లను రొమ్ముకు హత్తుకుని వచ్చింది. వంగి గొంగడి ఎత్తింది. దానిలోంచి బిందె వంచినట్టు నీళ్లు కారాయి. కింద నీటిలో గొర్రెపిల్ల పక్కకు పడి ఉంది, కాళ్లు కర్రల్లా చాపుకుని. ఆమె దాని నోట్లో వేలు పెట్టి చూసింది. వెనక కాళ్లు పట్టి ఊపింది, ముక్కులో ఊదింది, రొమ్ము రుద్దింది. దాని మెడ ఎటు వంచితే అటు వాలింది.

బీరమ్మ గొంగడి అంచును రెండు వేళ్ల మధ్య నలిపి, వాసన చూసింది.

"దీన్ని పిండిన్రా?"

"మురికిగా ఉందని... ఉతికానమ్మా" అన్నాడు దామోదరం.

తెలియని భాషేదో విన్నట్టు ఆమె అతని మొహంలోకి చూసింది. అంతకంటే ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

"మురికి ఏడిది సామీ? అది గొర్రె జిడ్డు. దాని మీద చింతగింజల గంజి. ఆ రెండే గద వాననాపేటివి!"

అంటూనే ఆ గొంగడిని ఒంటిచేత్తో ఎత్తి అతని నెత్తిన వేసింది. "కప్పుకో. జరసేపు నిలబడి చూడు."

కాషాయం కట్టినవాడి మీద ఒక గొర్లకాపరి అలా చెయ్యి వెయ్యడం నేనెన్నడూ చూడలేదు. దామోదరం తియ్యలేదు. ఆ బరువుకు భుజాలు కుంగాయి. పైన పడిన చినుకు పడినట్టే లోపలికి దిగుతోంది. వంద లెక్కపెట్టేలోపు అతని పళ్లు టకటకా కొట్టుకున్నాయి. తల్లిగొర్రె వచ్చి చచ్చిన పిల్లను మూతితో పొడిచి పొడిచి లేపుతోంది. అతను కళ్లార్పకుండా దాన్నే చూస్తున్నాడు.

బీరమ్మ చేతిలో రెండో పిల్ల వణకడం కూడా మానేసి, తల వేలేస్తోంది. కప్పడానికి పొడిగుడ్డ లేదు. ఉన్నవన్నీ తడిసిపోయాయి. "ఇది గూడ పాయె, ఇది గూడ పాయె" అంటూ ఆమె దాని ఒళ్లు అరచేత్తో రుద్దుతోంది.

అప్పుడు ఆ వాసన వచ్చింది. తల తిప్పి చూస్తే గట్టు మీద గురువుగారు! గొంగడి మీద చినుకులు పడ్డవి పడ్డట్టు జారిపోతున్నాయి. ఆయన ఏమైందని అడగలేదు. గొంగడి తీసి బీరమ్మకిచ్చి, వానలో ఉత్త పంచెతో నిలబడ్డారు. లోపలి పక్క వెచ్చగా, పొడిగా ఉంది. ఆమె దానితోనే పిల్లను ఒళ్లంతా రుద్ది, తల్లితో సహా కప్పి, తానూ లోపల దూరి ముర్రుపాలు పిండి నోట్లో పోసింది. మేం ముగ్గురం బయట నిలబడ్డాం. చాలాసేపు వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత లోపల చిన్నగా చప్పరింపు మొదలైంది.

"తాగుతున్నది" అంది బీరమ్మ. ఏడుస్తూ అంది.

చచ్చినదాన్ని దడి వెనక పూడ్చాం. దామోదరమే గుంట తవ్వాడు. తడిగొంగడి కప్పుకునే తవ్వాడు. మఠానికి వచ్చాక గురువుగారే దాన్ని అతని ఒంటి మీంచి తీశారు. వంటపాకలో పొయ్యి దగ్గర కూర్చోబెట్టారు. కింద చేలో ఆ తల్లిగొర్రె ఇంకా పిలుస్తూనే ఉంది.

"అయ్యా, నేను మురికనుకున్నాను" అన్నాడు దామోదరం.

గురువుగారు మంటలోకి ఒక పుల్ల తోసి, తలెత్తి పాక పైకప్పు వంక చూశారు.

"చూరు కారుతోంది దామోదరం. ఆ ఉత్తరం తడవకముందే తీసి చదువు" అన్నారు.