రాజుగారి ఆకలి

ఒకానొక రాజ్యంలో, అమ్మలారా, అయ్యలారా, గండభూపతి అనే రాజుండేవాడు. ఆయన ఒక్కగానొక్క కొడుకు యుద్ధంలో పోయాడు. తండ్రి మొహం చూడకుండా పుట్టిన మనుమడొకడు మిగిలాడు. అప్పటినుంచీ రాజుకు ఒకటే పట్టుదల: దసరా కొలువుకు పొరుగు రాజులు వచ్చేలోగా వేదాంతమంతా నేర్చేసి వాళ్ల నోళ్లు మూయించాలి.

"అది మెల్లగా ఒంటబట్టాలి ప్రభూ" అన్నందుకు ఇద్దరు పండితుల తలలు కోట గుమ్మానికి వేలాడాయి. ముసలి భవనారాయణ శాస్త్రీ అదే మాట అన్నాడు. మర్నాడు ఆయన తల తీయమని ఆజ్ఞ అయింది.

ఆస్థానంలో అందరినీ నవ్వించే మంచనకు ఓనమాలు దిద్దించింది ఆ శాస్త్రే. ఆ మాట విన్నాక మంచనకు ముద్ద దిగలేదు.

తెల్లవారి రాజుగారి మనుమడికి అన్నప్రాశన. అది ముగిశాకే శిక్ష. తండ్రి లేడు గనుక తాతే ఉంగరంతో పాయసం తీసి పసివాడి నాలుకకు రాయాలి. రాజు ఉంగరం తీశాడో లేదో, మంచన నిండు విస్తరి తెచ్చి పసివాడి ముందు పెట్టాడు. పులిహోర, బొబ్బట్లు, గారెలు. ఒక గారె తుంచి వాడి నోటి దగ్గరికి తీసుకెళ్లాడు.

రాజు గభాలున చెయ్యి పట్టుకున్నాడు. "మతి పోయిందట్రా మంచనా? గొంతుకడ్డం పడి చస్తాడు."

"తమరి మనుమడు కదా ప్రభూ. ఊళ్లో పిల్లల్లా నాలుకకు రాయించుకుంటూ కూర్చుంటాడా? ఈ పూటతో అన్నీ తినడం నేర్చేస్తాడు."

"పళ్లైనా రాలేదురా వాడికి. రోజుకింత అలవాటు చెయ్యాలి."

"ఆ మాట అన్నందుకే శాస్త్రిగారు చెరలో ఉన్నారు."

రాజు చెయ్యి కత్తి పిడి మీదికి పోయింది. మంచన నోరు మాత్రం ఆగలేదు. ఆ పరమాత్మే పలికించాడేమో.

"ఇంకొక్క మాట చెప్పి తల వంచుతాను. పసివాడు ఆకలేసి తింటాడు. తమరు పొరుగు రాజుల ముందు త్రేన్చడానికి తింటామంటున్నారు. తమకు ఆకలే లేదా ప్రభూ?"

రాజు మనుమడి వంక చూశాడు. అచ్చం కొడుకు మొహమే. కత్తి పిడి వదిలేశాడు.

"ఉందిరా," అన్నాడు మెల్లగా. "వీడి నాన్న ఎక్కడికి పోయాడో తెలియాలి. అంతే."

"ఆ ముక్క శాస్త్రిగారిని అడగండి. అక్కడే మొదలుపెడతారు."

రాజు నవ్వాడు, కళ్లనిండా నీళ్లతో. శాస్త్రిని విడిపించాడు. గుమ్మం మీది తలలను తన చేతులతో దించి దహనం చేయించాడు. ఏం కావాలో కోరుకోమంటే మంచన, "ఈ విస్తరి చాలు ప్రభూ, నిన్నటినుంచి పస్తు" అన్నాడు. రాజు తానే కూర్చోబెట్టి నెయ్యి వడ్డించాడు.

దసరా కొలువులో పొరుగు రాజులు వేదాంత చర్చకు పిలిస్తే గండభూపతి చేతులు జోడించి, "నాకింకా పళ్లు రాలేదు" అన్నాడట.