లీటరుకి ఎంతిస్తుంది?

చింతలంకలో తెలివైనవాళ్ళెవరని అడిగితే గవర్రాజు తన ఇల్లు చూపిస్తాడు. వాళ్ళ తమ్ముడు అబ్బులుని అడిగినా అదే ఇల్లు చూపిస్తాడు. ఇంకెవర్నీ అడక్కండి, ఊరికే మాటామాటా పెరుగుతుంది. నేను వాళ్ళ పక్కింటిదాన్ని. చూసింది చూసినట్టు చెప్తున్నాను. చూడనిది వాళ్ళూ, వాళ్ళ మామ్మ సూరమ్మగారూ చెప్పింది. ఒక్క ముక్క కల్పించలేదు, కల్పించే అవసరం వాళ్ళెప్పుడు రానిచ్చారు గనక!

కొబ్బరి మంచి రేటు పలికిన సంవత్సరం అన్నదమ్ములు తెల్లటి పొడుగు కారు కొన్నారు. వెనకాల ఇంత డిక్కీ. బెల్టు పెట్టకపోతే కారు కూస్తుందని షోరూమ్ కుర్రాడు చెప్పాడు. ఓరోజు సంతలో పనసకాయ కొని ముందు సీట్లో పెట్టారు. ఇంకేముంది, కారు కూత మొదలెట్టింది. అబ్బులు వెనక సీట్లోంచి వంగి పనసకాయకి బెల్టు పెట్టాడు. కూత ఆగింది.

“చూశావా అన్నయ్యా, ఈ కారుకి పనసకాయ ప్రాణమన్నా ఎంత శ్రద్ధో!” అన్నాడు అబ్బులు.

“మరి ఊరికే కొన్నామా!” అన్నాడు గవర్రాజు.

అంతే. ఆ రోజు నించీ ముందు సీటు పనసకాయది. కుళ్ళితే ఇంకోటి తెచ్చి పెట్టేవారు. అబ్బులు మటుకు వెనకే.

ఇంత తెలివైన ఇంటికి పిల్లనివ్వడానికి ఎవరూ రాలేదు. పెద్దవాళ్ళిద్దరూ అలాగే ఉండిపోయారు. ఆఖరివాడు సత్తిపండుకైనా పెళ్ళి చెయ్యాలని మామ్మ మొక్కని దేవుడు లేడు. నేను పోయాక వీళ్ళకి ఎవరు వండిపెడతారే, అని నా దగ్గర కూర్చుని ఏడ్చేది. నిజంగానే ఏడ్చేది పాపం.

అలాంటి టైములో పెద్దాపురం నించి తాతారావుగారని ఒకాయన సంబంధం చూడ్డానికి వచ్చాడు, కూతురు ఇందుమతిని కూడా వెంటబెట్టుకుని. ఆయనదీ సరిగ్గా అదే కారు. రంగొక్కటే తేడా. ఇంక పెళ్ళిచూపులెక్కడివి? ఆయన కాఫీ కూడా తాగకుండా వీళ్ళ కారు చుట్టూ తిరిగాడు.

“పికప్పెలా ఉందండీ?”

“బావుందండి. ఎక్కడ పెట్టింది అక్కడే ఉంటుంది,” అన్నాడు గవర్రాజు.

“స్పీడ్ బ్రేకర్ల దగ్గర మాది కింద గీసుకుంటుందండి. మీది?”

“మాది గీసుకోదండి. మేం అందరం దిగి తోస్తాం.”

“లీటరుకి ఎంతిస్తుంది?”

“ఏమీ ఇవ్వదండి. మేమే ఇస్తున్నాం దానికి.”

తాతారావుగారు ఇదంతా సరసం అనుకుని పడీపడీ నవ్వాడు. ఆయన పిచ్చి ఆయనది. నాది లీటరుకి పద్దెనిమిది కిలోమీటర్లకి తగ్గదు, అదంతా నడిపేవాడి చేతిలో ఉంటుంది, అని మొదలుపెట్టి పాఠం చెప్పాడు. టైర్లలో గాలి చూసుకోవాలన్నాడు. ఏసీ వేస్తే పెట్రోలు తాగుతుందన్నాడు. అద్దాలు దించితే గాలి కారుని వెనక్కి లాగుతుందన్నాడు. బ్రేకు ఊరికే తొక్కకూడదన్నాడు. అన్నిటికంటే ముఖ్యం బరువు, డిక్కీలో అక్కర్లేని బరువు మోస్తే మైలేజీ చచ్చిపోతుందన్నాడు.

“కారుని చూసుకునేవాడు పెళ్ళాన్నీ చూసుకుంటాడని నా నమ్మకం. పెళ్ళికి కారులోనే రండి. వచ్చాక మీటరులో మైలేజీ చూస్తాను,” అన్నాడు.

ఈలోగా వసారాలో ఇందుమతి సత్తిపండుని అడిగింది. “మీ ఇంట్లో అందరూ తెలివైనవాళ్ళటగా. మీకూ తెలివుందా?”

“ఉందనే అంటారండి. నేనింకా చూళ్ళేదు,” అన్నాడు సత్తిపండు.

ఆ పిల్ల నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంటికెళ్ళి, చేసుకుంటే ఇతన్నే చేసుకుంటానని చెప్పేసిందట. ఇన్ని సంబంధాల్లో తనకి తెలివుందని చెప్పుకోనివాడు ఇతనొక్కడే అందట. ముహూర్తం పెట్టేశారు.

పెళ్ళిరోజు తెల్లారింది. కారుకి పూలు కట్టారు. గవర్రాజు ముందుగా టైర్లలో గాలి చూద్దామన్నాడు. లోపలుంటే ఎలా కనపడుతుంది? బయటికి తీయాలి. నాలుగు చక్రాల వాల్వులకీ పిన్ను పెట్టి నొక్కారు. బుస్సుమంది. కారు గుడ్లమీద కోడిలా కూర్చుండిపోయింది.

“కనపడిందా?” అన్నాడు గవర్రాజు.

“వినపడింది గానీ కనపడలేదు అన్నయ్యా,” అన్నాడు అబ్బులు.

“ఫర్లేదు. ఉన్నట్టు తెలిసిందిగా.”

మా ఆయన సైకిలు పంపు పట్టుకెళ్ళి చక్రం చక్రానికీ తిట్టుకుంటూ గాలి కొట్టాడు. అప్పటికే ఎండెక్కింది. గవర్రాజు స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. పక్కన పనసకాయ. వెనక అబ్బులు, మామ్మ, మధ్యలో పెళ్ళికొడుకు. మామ్మ ఒళ్ళో లడ్డూల బుట్ట. ఏసీ వెయ్యలేదు, పెట్రోలు తాగుతుందని. అద్దాలు దించలేదు, గాలి లాగుతుందని. ఊరు దాటేసరికి సత్తిపండు బుగ్గచుక్క గెడ్డం దాకా జారింది. పెళ్ళి తిలకం ముక్కు మీదకొచ్చింది. మామ్మ కొంగుతో తుడిచి ఇంకా పామేసింది.

రోడ్డుకడ్డంగా బాతుల మంద వచ్చింది. “బ్రేకు తొక్కరా!” అని అరిచింది మామ్మ.

“ఊరికే తొక్కకూడదు మామ్మా.”

“బాతులురా!”

“బాతులకోసం ఎందుకు తొక్కడం? మనం వెళ్తోంది పెళ్ళికి కదా,” అన్నాడు గవర్రాజు, స్టీరింగు పక్కకి తిప్పేశాడు. ఇంకేముంది, రోడ్డు పక్కన ఆరబోసిన వడ్లరాశిలోకి కారు ముక్కుదాకా దూరి దానంతటదే ఆగింది. రైతు కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. “కంగారు పడకండి, బ్రేకు అరగలేదు,” అని అబ్బులు ఆయనకి ధైర్యం చెప్పాడు. వడ్లు ఎత్తిపోసి, ఆయన తిట్లన్నీ విని, కారు బయటికి లాగేసరికి అరపూట పోయిందనిపించింది మామ్మకి. ముహూర్తం దాటితే నా గతేం కానురా భగవంతుడా, అని లడ్డూల బుట్ట మీద తలపెట్టి ఏడ్చింది.

పెద్దాపురం ఇంకాస్త దూరం ఉందనగా కాలవ మీద ఎత్తు వంతెన వచ్చింది. ఎక్కుతుంటే మీటరులో మైలేజీ అంకె గబగబా పడిపోయింది. గవర్రాజు మీటరు మీదకి వంగాడు. తమ్ముడి మావగారు మీటరు చూస్తానన్నాడే! వంతెన నెత్తిమీద కారాపి డిక్కీ తెరిచాడు. స్టెప్నీ టైరు కనపడింది.

“నాలుగు చక్రాలతో నడుస్తుంటే అయిదోది ఎందుకు మోస్తున్నాం?” అన్నాడు. టైరు దింపేశారు. కారు కదిలింది. అంకె పెరిగింది. వంతెన దిగుతుంటే పెరగదూ? ఆ మాట తట్టే బుర్ర ఆ కారులో ఒక్కటీ లేదు, పనసకాయతో సహా.

“ఒక్క టైరుకే ఇంత పెరిగిందంటే!” అన్నాడు అబ్బులు, మామ్మ వైపు చూశాడు.

అంతే. మామ్మని దింపారు, బుట్టతో సహా. కారు ఇంకాస్త దిగింది. అంకె ఇంకాస్త పెరిగింది. పనసకాయని దింపుదామా అనుకున్నారు గానీ బెల్టు పెట్టుకున్నదాన్ని లేపడం మర్యాద కాదనుకున్నారు. పద్దెనిమిదికి ఇంకా కొంచెం తక్కువుంది.

వెనక సీట్లోంచి సత్తిపండు అడిగాడు. “అన్నయ్యా, నేను దిగితే ఎంతొస్తుంది?”

గవర్రాజుకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. “నా తమ్ముడివిరా! పెళ్ళి నీది కాబట్టి నీకంత పట్టింపు. దిగు. మేం వచ్చేదాకా ఇక్కణ్ణించి కదలకు.”

పెళ్ళికొడుకు దిగాడు. కారు జారుకుంటూ పోయింది. అంకె ఇరవై దాటింది.

కల్యాణమండపం ముందు కారు ఆగగానే మేళం మోగింది. మేమంతా బస్సులో ముందే చేరి గుమ్మంలో నించున్నాం. తాతారావుగారు పూలదండ పట్టుకుని ఎదురొచ్చి వెనక తలుపు తీశాడు. ఖాళీ. ముందు తలుపు తీశాడు. పనసకాయ.

“పెళ్ళికొడుకేడండీ?” అన్నాడు.

“ముందు మీటరు చూడండి,” అన్నాడు గవర్రాజు.

ఆయన వంగి చూశాడు. చూసినవాడు అలాగే ఉండిపోయాడు. “ఇరవై ఒకటా! నాకెప్పుడూ రాలేదే!” అన్నాడు. ఆయన భార్య నెత్తి బాదుకుంది. అప్పటికి తెప్పరిల్లి, “అబ్బాయేడండీ బాబూ!” అని అరిచాడు.

“వంతెన మీదున్నాడండి. బరువు కదండీ,” అన్నాడు అబ్బులు.

పురోహితుడు గడియారం చూసి, ఇంక టైము లేదు, ఈ ముహూర్తం తప్పితే మూఢం వచ్చేస్తుంది, మళ్ళీ చాన్నాళ్ళ దాకా మంచిరోజు లేదన్నాడు. ఈ సంబంధమే వద్దు పొమ్మని ఆడపెళ్ళివారిలో ఎవరో అన్నారు. ఇందుమతి పీటల మీంచి లేచింది. ఆ పిల్ల మొహంలో కోపం నేను చూశాను, దాని వెనకాల భయం కూడా చూశాను. మంగళసూత్రాలూ అక్షింతలూ ఓ పళ్ళెంలో పెట్టుకుని, పురోహితుడి చెయ్యి పట్టుకుని తండ్రి కారులోకి లాగింది. తనే నడిపింది. మేం బస్సెక్కి వెనకాల. అన్నదమ్ముల కారు మా వెనకాల.

వంతెన మీద సత్తిపండు ఎండలో నిటారుగా నించుని ఉన్నాడు, దింపినచోటే. మామ్మ స్టెప్నీ టైరు మీద కూర్చుని లడ్డూ తింటోంది.

“నీడలోకి వెళ్ళొచ్చు కదండీ!” అంది ఇందుమతి.

“కదలొద్దన్నారండి. మీరొస్తారని నాకు తెలీదండి. తెలిస్తే మొహం కడుక్కునేవాణ్ణి,” అన్నాడు.

ఆ పిల్ల పైటకొంగుతో ఆ మొహమంతా తుడిచేసింది. పురోహితుడు మంత్రం ఎత్తుకున్నాడు. లారీలవాళ్ళు హారన్లు కొట్టారు, అదే మేళం. వంతెన మీదే తాళి కట్టాడు. మామ్మ ఒక చేత్తో అక్షింతలూ ఇంకో చేత్తో లడ్డూ పొడీ చల్లింది. నాకూ ఏడుపొచ్చింది, ఎందుకు దాచాలి.

మళ్ళీ మండపానికెళ్ళి భోజనాలయ్యాక కోడల్ని తీసుకుని బయల్దేరే టైమొచ్చింది. గవర్రాజు కారు దగ్గర గెడ్డం పట్టుకుని నిలబడ్డాడు. మావగారి కళ్ళముందు ఇరవై ఒకటి తెచ్చినవాడు, ఇప్పుడు కొత్త బరువొకటి ఎక్కితే పరువేంకావాలి?

“అమ్మా ఇందుమతీ,” అన్నాడు చాలా మర్యాదగా. “తప్పుగా అనుకోకు. నువ్వు నడిచొస్తే బావుంటుందేమో. ఊరు ఎంతో లేదు.”

తాతారావుగారి మొహం నల్లబడిపోయింది. మామ్మ నోట్లో లడ్డూ నోట్లోనే ఉండిపోయింది. ఇందుమతి మటుకు చెక్కుచెదరలేదు.

“అలాగే బావగారూ. కానీ ఒక్క అనుమానం. నేను సన్నం. మీ ఇద్దరూ దిట్టంగా ఉంటారు. మీరు దిగితే ఎంతొస్తుందంటారు?”

అన్నదమ్ములిద్దరూ ఒకరి పొట్ట ఒకరు చూసుకున్నారు.

“అది మనకెందుకు తట్టలేదురా?” అన్నాడు గవర్రాజు.

“మరి నడిపేదెవరు?” అన్నాడు అబ్బులు.

“నేను నడుపుతా. మా ఇంట్లోదీ ఇదే కారుగా,” అంది ఇందుమతి, తాళాలు పుచ్చుకుంది. పనసకాయ బెల్టు విప్పి దాన్ని అబ్బులు చేతిలో పెట్టింది. సత్తిపండుని ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టింది. మామ్మని వెనక కూర్చోబెట్టి, ఏసీ వేసింది. కారు బాణంలా పోయింది.

గవర్రాజు స్టెప్నీ దొర్లించుకుంటూ, అబ్బులు పనసకాయ నెత్తిన పెట్టుకుని, కారు వెనకాలే నడుచుకుంటూ వస్తున్నారు. మా బస్సు ఆపి ఎక్కమన్నాం. బస్సు మైలేజీ పాడవుతుందని ఎక్కలేదు.

“అన్నయ్యా, మనం లేకపోతే మన కారు ఎంత బాగా నడుస్తోందో చూశావా?” అన్నాడు అబ్బులు.

“ఇంత మంచి కారు పెట్టుకుని ఇన్నాళ్ళూ అనవసరంగా ఎక్కాంరా,” అన్నాడు గవర్రాజు. “ఇలాంటిది ఇంకోటి కొందాం. దాన్ని అసలు ఎవరమూ ఎక్కొద్దు.”