చారన్న చూసొచ్చిన పాలధార

ఇప్పలకోన అనే అడవిలో ఇప్పచెట్లు ఎక్కువ, కబుర్లు ఇంకా ఎక్కువ. అక్కడ కుందేళ్ళు, ఉడుతలు, ముంగిసలు, ముళ్ళపందులు, దుప్పులు కలిసిమెలిసి ఉండేవి. సాయంత్రమైతే అందరూ ఏటి ఒడ్డున నల్లబండ దగ్గర చేరేవారు. ఎవరైనా దూరం వెళ్ళొస్తే, ఆ బండెక్కి తాము చూసినవన్నీ చెప్పాలి. వెళ్ళలేనివాళ్ళు విని సంతోషించాలి. అది ఆ అడవి ఆనవాయితీ.

ఆ అడవిలో చారన్న అనే ఉడుత ఉండేవాడు. మంచివాడే, కష్టపడతాడు కూడా. కానీ గొప్పలంటే చెప్పలేనంత ఇష్టం. పక్కవాడు ఒక పండు తిన్నానంటే, తను రెండు తిన్నానని చెప్పేదాకా కడుపు నిండేది కాదు.

చారన్నకు ఒక్కతే కూతురు, పేరు రేగి. చిన్నప్పుడు కొమ్మ మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. నాలుగడుగులు వేసిందంటే నొప్పితో కూర్చుండిపోయేది. తల్లి లేని పిల్ల. నాన్న ఏం చెప్తే అదే ఆమెకు లోకం.

కొండల అవతల పాలధార అనే పెద్ద జలపాతం ఉంది. దాని గురించి అందరూ చెప్పుకోవడమే కానీ రేగికి సరిగ్గా తెలియదు.

ఒకరోజు రేగి అంది, "నాన్నా, నేను ఎలాగూ అంత దూరం రాలేను. నువ్వు వెళ్ళి చూసొచ్చి నాకు చెప్పవా? నువ్వు చూస్తే నేను చూసినట్టే."

"అంతేనా! రేపే బయలుదేరతాను" అన్నాడు చారన్న.

ఈ మాట చెవులమ్మ విన్నది. చెవులమ్మ అంటే పక్క పొదలో ఉండే కుందేలు. చారన్నకు వరసకు అక్క అవుతుంది.

"తమ్ముడూ, ఇది ఎండాకాలం. చల్లదనం కోసం అడవులన్నీ పాలధార మీదే పడతాయి. ఇప్పుడు అక్కడ అన్నీ ఖరీదే. నాలుగు వానలు పడనీ, ఇద్దరం కలిసి వెళ్దాం. పొద్దుటి చల్లదనంలో నడుద్దాం. దారిలో దొరికింది తిందాం. ఎవరి బొరియలోనైనా తలదాచుకుని, వాళ్ళకో పని చేసిపెడదాం."

చారన్న తోక విదిలించాడు. "నడవడమా? పరాయివాళ్ళ బొరియల్లో పడుకోవడమా? నలుగురూ వింటే నవ్వుతారు అక్కా! వెళ్తే దర్జాగా వెళ్ళాలి. లేకపోతే ఇంట్లో కూర్చోవాలి."

చారన్న తొర్రలో ఎండబెట్టిన ఇప్పపువ్వు నిండుగా ఉంది. వానాకాలమంతా తండ్రీకూతుళ్ళు తినాల్సిన తిండి అది. దానిలోంచి ఓ మూట తీసి ఒక దుప్పికి ఇచ్చాడు. దుప్పి తన వీపు మీద మెత్తగా గడ్డి పరిచింది. పైన టేకాకులతో గూడు కట్టింది. "దీంట్లో కూర్చుంటే ఎండ తగలదు, దుమ్ము పడదు, ఏమీ కనిపించదు కూడా. హాయిగా నిద్రపోవచ్చు" అంది. ఇంకో పెద్ద మూట విడిదికోసం కట్టుకున్నాడు. తొర్ర ఖాళీ అయింది. రేగిని ముంగిస పిన్నికి అప్పగించి గూడెక్కాడు.

దారి పొడుగునా చారన్న గుర్రు పెట్టాడు. మొదటి కొండ ఎప్పుడు దాటారో, రెండో కొండ ఎప్పుడు వచ్చిందో తెలియదు.

పాలధార దగ్గర ఒక ఎలుగుబంటి గుహలు అద్దెకిస్తోంది. "చిన్న గుహలు చాలా ఉన్నాయి. మీలాంటి పెద్దవారికి మాత్రం ఆ లోపలి గుహ. నీళ్ళ హోరు ఒక్క రవ్వ కూడా లోపలికి రాదు. పూటపూటకీ తేనె, పనసతొనలు. కాకపోతే మీ మూట మొత్తం ఇవ్వాలి" అంది.

పెద్దవారు అన్న మాటకే చారన్న కరిగిపోయాడు. మూట మొత్తం ఇచ్చేశాడు.

ఇక్కడే పిల్లలూ, వాడి బుద్ధి పక్కదారి పట్టింది. మర్నాడు పొద్దున్నే లేచి జలపాతం చూడ్డానికి వెళ్ళబోయాడు. గుమ్మం దాకా వచ్చి ఆగాడు. 'ఇంత ఇచ్చి తీసుకున్న గుహ! దీన్ని వదిలేసి బయట తిరిగితే నాకేం గిట్టుబాటు? తేనె వచ్చే వేళ కూడా అయింది' అనుకున్నాడు. వెనక్కి వెళ్ళి పడుకున్నాడు. తేనె తాగాడు. పనసతొనలు తిన్నాడు. మళ్ళీ పడుకున్నాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఇచ్చినదానికి సరిపడా రాబట్టాలన్న ధ్యాసలో, వచ్చిన పనే మర్చిపోయాడు.

ఆఖరి రోజు గుర్తొచ్చి పరుగెత్తాడు. అప్పటికి అక్కడ ఇసుక వేస్తే రాలనంత గుంపు. చారన్నకు ముందున్నవాళ్ళ తోకలు కనిపించాయి, నీళ్ళ చప్పుడును మింగేసే వాళ్ళ అరుపులు వినిపించాయి. అంతే. ఇంతలో దుప్పి వచ్చి, "వస్తావా, నన్ను పొమ్మంటావా?" అంది. చారన్న గూడెక్కేశాడు.

ఇంటికి రాగానే రేగి కుంటుకుంటూ ఎదురొచ్చింది. "నాన్నా! చూశావా? ఎలా ఉంది?"

ఆ ముఖం చూసి నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఖాళీ తొర్ర కూడా గుర్తొచ్చింది. చూడలేదని చెప్తే, మరి ఆ తిండంతా ఏమైంది అని అడుగుతుందేమో!

"ఓహో, ఏం చెప్పమంటావు!" అన్నాడు చారన్న. "పాలధార తెల్లగా, సన్నగా, పట్టుదారంలా జారుతుంది. చిన్న చప్పుడు కూడా ఉండదు. పక్కనే పడుకుంటే నిద్ర పట్టేస్తుంది."

రేగి కళ్ళు మూసుకుని అదంతా ఊహించుకుంది. తర్వాత తమ చెట్టు కిందికి వచ్చిన ప్రతి పిల్లకీ చెప్పింది. "మా నాన్న దగ్గరుండి చూశాడు. పాలధారకు చప్పుడే ఉండదు, తెలుసా?" అనేది. చారన్న పై కొమ్మ మీద కూర్చుని వినేవాడు. విన్న ప్రతిసారీ ఒళ్ళు కుంచించుకుపోయేది. అయినా కూతుర్ని ఆపలేదు.

వానలు మొదలయ్యాయి. మిగతావాళ్ళు ఇళ్ళలో వెచ్చగా కూర్చుని దాచుకున్నవి తింటున్నారు. చారన్న మాత్రం తడుస్తూ రాలినకాయలు ఏరుతున్నాడు. సగం కుళ్ళినవే దొరికేవి. బాగున్న భాగం రేగికి పెట్టి, తను మంచినీళ్ళు తాగి పడుకునేవాడు.

వాన కాస్త తెరిపిచ్చిన సాయంత్రం చెవులమ్మ తిరిగొచ్చింది. తొలకరి పడగానే ఆమె కాలినడకన బయలుదేరి వెళ్ళింది. ఇప్పుడు కాళ్ళనిండా బురద, ముఖం మాత్రం వెలిగిపోతోంది. వెళ్ళినచోటల్లా చుట్టరికాలు కలుపుకుంది. ఒక చోట పిల్లల్ని ఆడించింది, ఒక చోట బొరియ తవ్విపెట్టింది. వాళ్ళు పెట్టింది తింది. వచ్చేటప్పుడు అందరూ తలో గుప్పెడు గింజలిచ్చి పంపారు. వెళ్ళినప్పటికంటే మూట బరువుగా ఉంది.

ఆనవాయితీ ప్రకారం చెవులమ్మ నల్లబండెక్కింది. రేగిని ముంగిస పిన్ని ఎత్తుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టింది. చారన్న వెనకాల నిలబడ్డాడు.

"పాలధారను చూడ్డానికి ముందే వింటాం" అని మొదలుపెట్టింది చెవులమ్మ. "ఇంకా ఒక కొండ దాటాలనగానే హోరు వినిపిస్తుంది. దగ్గరికెళ్తే పక్కవాళ్ళ మాట కూడా వినపడదు. గుండెల్లో డోలు మోగుతున్నట్టుంటుంది."

రేగి లేచి నిలబడింది. "అబద్ధం! పాలధారకు చప్పుడే ఉండదు. మా నాన్న చూశాడు. నాన్నా, నువ్వు చెప్పు!"

అందరూ వెనక్కి తిరిగారు. చారన్న తోక ముడుచుకుని ఓ చెట్టు చాటుకు జరిగాడు.

చెవులమ్మకు సంగతి అర్థమైంది. ఆమె మనసు మెత్తనిది. "ఎండాకాలంలో నీళ్ళు తగ్గుతాయి కదమ్మా. మీ నాన్న వెళ్ళినప్పుడు చప్పుడు లేదేమో" అంది.

తప్పించుకోవడానికి దారి దొరికింది. అవునంటే సరిపోయేది. కానీ అక్క తన పరువు కాపాడటానికి అబద్ధమాడుతోంది. కూతురు తనను నమ్మి అక్కను అబద్ధాలకోరు అంటోంది. చారన్నకు తల కొట్టేసినట్టయింది.

"లేదు రేగీ" అన్నాడు. గుంపులోంచి ముందుకొచ్చాడు. మళ్ళీ అన్నాడు. "నేను పాలధార చూడలేదమ్మా. అక్కడికి వెళ్ళి గుహలో పడుకున్నాను. మన వానాకాలం తిండంతా ఆ గుహకే పెట్టేశాను. నీకు చెప్పిందంతా కట్టుకథ."

ఎవ్వరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. చారన్న భూమిలోకి కుంగిపోవాలనుకున్నాడు.

రేగి తండ్రి వైపు నుంచి ముఖం తిప్పుకుంది. నల్లబండ వైపు తిరిగి కూర్చుంది.

"అత్తా, నువ్వు చెప్పు" అంది.

చెవులమ్మ మళ్ళీ మొదలుపెట్టింది. నీటి తుంపర చెవులకు ఎలా తగిలిందో చెప్పింది. పొద్దున్న ఎండ పడగానే అందులో ఇంద్రధనుస్సు ఎలా లేచిందో, బండల సందుల్లో పచ్చటి కప్పలు ఎలా గెంతాయో చెప్పింది. వెళ్ళలేని ముసలివాళ్ళు, చిన్నపిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. వాళ్ళ మధ్యలో కూర్చుని, వెళ్ళొచ్చిన చారన్న కూడా విన్నాడు.

అందరూ లేచి వెళ్ళిపోయాక చెవులమ్మ తన మూటలోంచి సగం గింజలు తీసి చారన్న ముందు పోసింది. చారన్న వాటివైపు చూడలేకపోయాడు.

"అక్కా, ఈసారి నన్ను కూడా తీసుకెళ్తావా? నడిచే వస్తాను" అన్నాడు.

"రా తమ్ముడూ. రేగిని కూడా తీసుకెళ్దాం. కొంతదూరం నువ్వు మొయ్యి, కొంతదూరం నేను మోస్తాను. మెల్లగా వెళ్దాం, మనకేం తొందర?"

రేగి అంతసేపటికి తండ్రి వైపు తిరిగింది. ఆ గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"ఈసారి చూస్తావా నాన్నా?"

చారన్న తలెత్తలేకపోయాడు. "చూస్తానమ్మా" అన్నాడు.

నీతి: ప్రయాణానికి ఎంత ఖర్చుపెట్టామన్నది గొప్ప కాదు. దర్జా కోసం వెళ్ళినవాడు ఉన్నది పోగొట్టుకుని సిగ్గుతో తిరిగొస్తాడు, చూడాలని వెళ్ళినవాడు కొంచెంతోనే ఎంతో తెచ్చుకుంటాడు.