నక్క వైద్యుడు ఏడుసార్లు కడిగిన నాచు

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైతే నా నాలుక మీద పుట్టగొడుగులు మొలవాలి. మొలిస్తే కూర వండుకుంటాను, అది వేరే సంగతి.

గోదావరి సముద్రంలో కలిసే చోట ఉప్పులంక మడ అడవి ఉంది. అందులో నక్కలు, నీటికుక్కలు, అడవిపందులు, ఏనుగంత పీతలు ఉండేవి. ఏనుగంతే, నేనే కొలిచాను.

ఆ అడవికో కట్టుబాటు ఉంది. అల వచ్చి ఆగే గీతకు అవతల ఉన్నదంతా సముద్రం ఎంగిలి. దాన్ని ముట్టినవాళ్లకు అడవిలో చోటు లేదు. ఆ గీతకు కాపలా జంబయ్య అనే నక్క. వైద్యుడూ అతనే. ఏ రోగానికైనా మడచెట్టు బెరడే ఇచ్చేవాడు.

ఒక వానాకాలం అందరికీ కడుపుజబ్బు పట్టుకుంది. పంది కడుపులో గుడగుడలను ఉరుమనుకుని పడవలు ఒడ్డుకొచ్చేశాయి. బెరడు నమిలినకొద్దీ జబ్బు ముదిరింది. చెంగి అనే తల్లి నీటికుక్క ఉండేది. దాని కూన ఎనిమిది రోజులుగా నీళ్లు కూడా ఇముడ్చుకోలేదు. తొమ్మిదో రోజు కళ్లు తెరవలేదు.

చెంగి ఒడ్డుకు పరుగెత్తి సముద్రపు తాబేలును అడిగింది. "అవ్వా, మీకు ఈ జబ్బు రాదా?"

"ఎందుకు రాదే పిల్లా? వస్తే, రాళ్లకు పట్టిన ఈ జిగురు నాచు తింటాం. ఆ జిగురు పేగుల్లో పుండుకు లేపనంలా అంటుకుంటుంది. గోరంత చాలు."

చెంగి గీత దాటింది. నాచు నోట కరుచుకుని వస్తుంటే జంబయ్య అడ్డం నిలిచాడు.

"ఏమే! ఎంగిలి ముడతావా? అడవిలోంచి వెళ్లగొట్టిస్తా!"

చెంగి నాచును కాలికింద అదిమిపట్టింది. "వెళ్లగొట్టించు బాబాయ్. బిడ్డను చంపుకుని నీ అడవిలో ఏం ఏలను? కావాలంటే నన్ను కరిచెయ్. ఇది మాత్రం వదలను."

ఆ మాటకు సముద్రం ఆమడ దూరం వెనక్కి జరిగింది. జంబయ్యా జరిగాడు.

మూడు పూటల్లో కూన లేచి చేప కావాలని ఏడ్చింది. అది విని జంతువులన్నీ గీత దాటి నాచు మీద పడ్డాయి.

"ఇప్పుడు ఎవరెవరిని వెళ్లగొడతావు?" అని పంది అడిగింది. జంబయ్య తోక ముడిచి పక్కకు తప్పుకున్నాడు. అప్పటికే అతనికీ జబ్బు పట్టుకుంది.

దారిలో పంది రాల్చిన నాచును దొంగచాటుగా ఏరుకున్నాడు. కానీ ఎంగిలి తినడమా! మంచినీటి కాలవలో ఏడుసార్లు రుద్ది రుద్ది కడిగాడు. జిగురంతా కొట్టుకుపోయింది. మిగిలిన పీచు నమిలి, కడుపు పట్టుకుని పొర్లాడు.

చెంగి చూసి నవ్వింది. "మందునే కడిగేశావు బాబాయ్! రా, గీత దాటి అందరి ముందూ తిను. నేనే ఏరి పెడతా."

"చచ్చినా రాను!"

రాలేదు. పదహారు రోజులు మూలిగి, బొచ్చంతా ఊడి, ఎలుక తోకలాంటి తోకేసుకుని అడవి వదిలిపోయాడు. ఇప్పుడక్కడ వైద్యం చెంగిదే. గీత ఎక్కడుండేదో ఎవరికీ గుర్తులేదు.

నీతి: మందును అది చేసే మేలుతో కొలవాలి, పుట్టిన చోటుతో కాదు. ప్రాణం మీదికి తెచ్చే కట్టుబాటును దాటడం తప్పు కాదు.

నోరు తెరుచుకుని కూర్చున్నది చాలు. రత్తాలత్త ఇంట్లో నా కవ్వం ఉండిపోయింది, పట్రాపో.