మడమ నొప్పికి పగ్గం

ఒకానొక రాజ్యంలో తెల్లవారుతోందంటే కోటలో అందరికీ గుండెదడ. రాజు చండకేతుడు మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినంత నొప్పి. కాసేపు నడిస్తే అదే సర్దుకునేది. ఈలోగా ఎదురుపడ్డవాడికి కొరడా దెబ్బలు తప్పేవి కావు.

ముసలి వైద్యుడు శరభయ్య నిండుసభలో మందు చెప్పాడు. లేవగానే కాలు కింద పెట్టవద్దనీ, మంచం మీదే కూర్చుని పాదం పట్టుకుని వేళ్ళను వెనక్కి లాగాలనీ, చెప్పులు లేకుండా రాతి నేల మీద నడవవద్దనీ అన్నాడు. రాజుకు కోపం ముంచుకొచ్చింది. దేవుడి ముందు కూడా సగమే వంగే తాను వంగి కాళ్ళు పట్టుకోవాలా? సొంత కోటలో నేలకు భయపడి చెప్పులేసుకోవాలా? మర్నాడు పొద్దున నొప్పి తగ్గకపోతే శరభయ్య మడమ నరం కోయమని ఆజ్ఞాపించి, ఆయన్ని చెరలో పెట్టించాడు.

ఆస్థాన విదూషకుడు మల్లుభట్టుకు ఆ పూట అన్నం సయించలేదు. చిన్నప్పుడు విషజ్వరంలో తనను బతికించింది ఆ ముసలి చేతులే. రాజుకు మంచి చెబితే తన నరమూ తెగుతుంది. కానీ భయమని చెప్పి రుణం మరిచిపోవడం అతనికి చేతకాలేదు.

తెల్లవారుతుండగా వెళ్ళి రాజు పడకగదిలో నిలబడ్డాడు. బయట ఎవరో కత్తి నూరుతున్న చప్పుడు. రాజు కళ్ళు తెరిచి కాలు దించబోయాడు.

"ఆగండి ప్రభూ" అన్నాడు మల్లుభట్టు. "గుర్రమెక్కే ముందు తమరేం చేస్తారు?"

"జీను వేయిస్తాను, పగ్గం బిగిస్తాను. పొద్దున్నే ఇదేం ప్రశ్నరా?"

"ఈ భూమి తమ వాహనం. రోజూ జీను లేకుండా, పగ్గం పట్టకుండా ఎక్కుతున్నారు. తన్నక ఏం చేస్తుంది?"

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. మల్లుభట్టు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాడు. చివరికి రాజు మీసం దువ్వి, పగ్గం ఎలా పట్టాలో చూపించమన్నాడు.

మల్లుభట్టు పట్టు ఉత్తరీయాన్ని రాజు పాదం చుట్టూ తిప్పి, రెండు కొసలూ చేతికిచ్చాడు. రాజు కాలు చాపి, పొగరుబోతు గుర్రాన్ని నిలిపినట్టు ఠీవిగా లాగాడు. పిక్క సాగింది. వదిలి మళ్ళీ లాగాడు. ఆ తర్వాత మల్లుభట్టు జీను ఇదేనంటూ మెత్తని చెప్పులు తొడిగాడు.

రాజు లేచి అడుగు వేశాడు. బయట కత్తి చప్పుడు ఆగింది.

"నిన్న మేకు. ఇవాళ సూది" అన్నాడు రాజు ఆశ్చర్యంగా.

"పొగరు గుర్రం ప్రభూ, పూర్తిగా లొంగాలంటే కొన్ని వారాలు పడుతుంది. ఈ పగ్గం శరభయ్యగారిదే. ఆయన పట్టుకోమన్నదీ ఈ కాలే."

రాజు ముఖం ఎర్రబడింది. చేతిలోని ఉత్తరీయాన్ని చూశాడు, కాలిని చూశాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. శరభయ్యను విడిపించమని కేకేసి, ఏం కావాలో కోరుకోమని మల్లుభట్టుతో అన్నాడు.

"ముందు కూర్చోనివ్వండి ప్రభూ. తమ మడమ కుదుటపడింది గానీ, నా మోకాళ్ళు ఇంకా వణుకుతూనే ఉన్నాయి."

రాజు ముందు ఎవరూ కూర్చోని ఆ సభలో, ఆనాటి నుంచి రెండు పీటలు వేశారు. ఒకటి మల్లుభట్టుకు, ఒకటి శరభయ్యకు.