మబ్బులకు బొట్టు పెట్టిన రాణి

అనగా అనగా అనుకుంటూ వెనక్కి వెనక్కి పోతే, మనకు దూరంగా, మబ్బులకు దగ్గరగా నీలాద్రిపురమనే రాజ్యం ఒకటి ఉండేది.

ఆ రాజ్యంలో వాన దానంతట అది కురిసేది కాదర్రా! పేరంటానికి ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి పిలుస్తామే, అలాగే ఏటేటా రాణిగారు కుంకుమభరిణె పట్టుకుని, రాజహంసనెక్కి, ఆకాశానికి వెళ్లి మబ్బులను పిలవాలి. దాసీని పంపితే అవి మూతి ముడుచుకునేవి. మర్యాద మర్యాదే కదా!

ఇంకో కట్టుబాటూ ఉంది. రాణి కంటతడి పెట్టకూడదు. పెడితే మబ్బులు అలుగుతాయని పెద్దల భయం.

అప్పటి రాణి పేరు తరంగిణి. ఆమెకు అత్తగారు వసుంధరాదేవి అంటే ప్రాణం. తెల్లవారితే అత్తాకోడళ్లిద్దరూ పూలతోటంతా కలియదిరిగేవారు. ఎదురెదురుగా కూర్చుని, కబుర్లాడుకుంటూ భోంచేసేవారు. అలాంటి అత్తగారు ఒక ఏడు చలికాలంలో కన్నుమూసింది.

తరంగిణి గుండె చెరువైంది. కానీ ఏడవడమెలా? గొంతులో దుఃఖం పొంగుకొచ్చినప్పుడల్లా చెలికత్తె పున్నాగ పరుగెత్తుకొచ్చేది. "అమ్మో, వద్దు అమ్మగారూ! ఈ అరిసె నోట్లో వేసుకోండి" అనేది. అరిసెతో పాటు ఏడుపునూ మింగేసేది రాణి. మర్నాడు బూరె, ఆ మర్నాడు సున్నుండ. పున్నాగను ఏమంటాం? పాపం, ప్రేమకొద్దీ పెట్టేది. రాజుగారేమో తల్లికోసం ఏడవలేక వేటకు పోయేవాడు.

తోటలో అత్తగారు గుర్తొస్తుందని రాణి తోట మానేసింది. కంటికి కునుకు రాదు. ఉయ్యాల మంచం మీద కూర్చుని, కిటికీలోంచి మబ్బులను చూస్తూ, ఆకలుందో లేదో తెలియకుండానే తినేది. గాజులు బిగుసుకున్నాయి. వడ్డాణం పెట్టెలోకి చేరింది.

వానాకాలం రానే వచ్చింది. రాణి హంసనెక్కింది. హంస రెక్కలు టపటపా కొట్టింది గాని, దాని కాళ్లు నేలను వదల్లేదు. పొలాలు నెర్రెలిచ్చాయి. జనం దిగులుగా రాణి వంక చూస్తుంటే ఆమెకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

రాజవైద్యుడు వచ్చాడు. "తిండి మానితే సరి!" అని వంటింటికి తాళం వేయించాడు. రాణి రెండు పూటలు కడుపు మాడ్చుకుని, మూడో పూట దేవుడి గదిలో కొబ్బరీ బెల్లం అంతా తినేసింది. హంస లేవలేదు.

ఆస్థాన మల్లుడు వచ్చాడు. "ఒళ్లు వంచితే సరి!" అని గదలు తిప్పించాడు. ఒళ్లు హూనమైన రాణి గదిలోకి పోయి, సున్నుండల గిన్నె ముందేసుకుంది. హంస ఈసారీ లేవలేదు.

ఆ తర్వాత సలహా చెప్పేవాళ్లే లేకపోయారు. అప్పుడు హంసే నోరు విప్పింది.

"తల్లీ, నీకు ఆకలి ఎక్కడ వేస్తోంది?"

రాణి పొట్ట మీద చెయ్యి పెట్టబోయి, ఆగి, గొంతు మీద పెట్టుకుంది. "ఇక్కడ."

"అక్కడున్నది ఆకలి కాదమ్మా. మీ అత్తగారు."

రాణి ఆకాశం వంక చూసింది. "ఏడిస్తే మబ్బులు అలుగుతాయే!"

"వాటినే అడుగుదాం పద. నేను మోయలేను, నిజమే. కానీ మబ్బులు కొండకొమ్మున వాలతాయి. నువ్వు నడువు, నేను పైన ఎగురుతూ రెక్కలతో నీడ పడతాను."

రాణి నడిచి వెళ్లి మబ్బులను పిలవడమా! ఎవరూ కనీవినీ ఎరగరు. అయినా తరంగిణి కొంగు దోపి, కుంకుమభరిణె పట్టుకుని బయల్దేరింది. అరిసెల మూటతో పున్నాగ కూడా వెంట నడిచింది. కొంత దూరం వెళ్లేసరికి ఒక బండ మీద కూలబడి "అత్తయ్యా!" అని బావురుమంది. పున్నాగ చెయ్యి అలవాటుగా అరిసెల మూట మీదికి పోయింది, ఆగిపోయింది. ఈసారి ఆమె రాణిని పొదివి పట్టుకుని తనూ ఏడ్చింది.

తర్వాత దారి పొడుగునా అత్తగారి ముచ్చట్లే. ఆవిడ నవ్వు, ఆవిడ కోపం, ఆవిడ పెట్టిన ముద్దుపేర్లు. మూట విప్పాలన్న ఊహే ఎవరికీ రాలేదు.

కొండకొమ్మున మబ్బులు ఏకిన దూదిలా పరుచుకుని ఉన్నాయి. ఆయాసపడుతూ, కన్నీళ్లు తుడుచుకుంటూ రాణి చేతులు జోడించింది. "ఏడ్చి వచ్చాను. అలిగితే నా మీదే అలగండి, నా ఊళ్ల మీద వద్దు."

పెద్దమబ్బు గలగలా నవ్వింది. "పిచ్చిపిల్లా! బరువెక్కితే మేమూ చేసేది అదేగా! మీ అత్తగారు తన అత్తగారు పోయిన ఏడు మా ఒళ్లో తల పెట్టుకుని ఎంత ఏడ్చిందనుకున్నావు? ఎవరికీ చెప్పొద్దంది. అందుకే ఇన్నాళ్లూ చెప్పలేదు."

రాణి ఆ చల్లటి నుదుట వేలితో బొట్టు పెట్టింది. వాన మొదలైంది. కొండ దిగువన రాజు తడుస్తూ ఎదురొచ్చాడు. ఆమె చెయ్యి పట్టుకుని, పసివాడిలా "అమ్మా!" అని ఏడ్చాడు. ఎవరూ ఆయన నోట్లో ఏమీ పెట్టలేదు.

సన్నబడిందా అంటారా? సన్నబడింది, నెమ్మదిగా, కొంత. రాజూ రాణీ కలిసి నడిచేవారు, ఆకలైతే తినేవారు, నిద్రొస్తే పడుకునేవారు.

కాబట్టి పిల్లలూ, మింగేసిన దుఃఖం ఆకలి వేషం వేసుకుని తిరిగొస్తుంది. ఏడ్చేవాళ్ల నోట్లో మిఠాయి పెట్టకండి, పక్కన కూర్చోండి.